కాల్పుల ఆటల్లో చచ్చేవాళ్లు ఎప్పుడూ అరబ్బులు, నల్లవాళ్లేనా? మా అబ్బాయిని ఆడనివ్వాలా?

మీరు అడిగినదాంట్లో రెండు సంగతులున్నాయి. పదో తరగతి పిల్లవాడు రోజూ మూడు గంటలు తుపాకీ ఆటలాడితే క్రూరుడైపోతాడా అన్నది ఒకటి. ఆ ఆటల్లో శత్రువులు ఎప్పుడూ గడ్డాల అరబ్బులు, నల్లవాళ్లే కదా, అది వాడి బుర్రలో ఏం నాటుతుంది అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: కాడు. రెండోదానికి: కొంత నాటుతుంది. నాకు నాటింది కాబట్టి చెబుతున్నాను.

2004 నుంచి 2009 దాకా హన్మకొండ కిషన్‌పురలో నెట్ సెంటర్ నడిపాను. 8 కంప్యూటర్లు, గంటకు 15 రూపాయలు. పేరుకే నెట్ సెంటర్. పరీక్షల ఫలితాలొచ్చే రోజులు తీసేస్తే, నా షాపు కిరాయి కట్టింది కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, ఐజీఐ అనే తుపాకీ ఆటలే. ఆ పోరగాళ్లు ఎన్ని హెడ్‌షాట్లు (తలకు గురిపెట్టి కాల్చడం) కొట్టారో లెక్కే లేదు. ఇవాళ వాళ్లలో ఒకడు బ్యాంకులో, ఒకడు సర్కారు బడిలో సారు, ఇద్దరు అమెరికాలో ఉన్నారు. సెంటర్‌లో జరిగిన కొట్లాటలన్నీ సీటు కోసం, లేదంటే కరెంటు పోయినప్పుడు మిగిలిన పది నిమిషాల డబ్బుల కోసం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (అక్కడి మానసిక నిపుణుల సంఘం) 2020లో చెప్పింది కూడా దాదాపు ఇదే. అరుపులు, తోపులాటల్లాంటి దూకుడుతో ఈ ఆటలకు కొద్దిగా సంబంధం ఉంది గానీ, కాల్పులు, హత్యల నేరం ఆటల మీదికి నెట్టడానికి తగినంత ఆధారం లేదని. అరుపులకైతే మా దగ్గర లోటు లేదు. పై అంతస్తులో ఉండే ఓనరమ్మ రోకలితో నేల మీద కొట్టేది.

ఇక ఆటల్లోని శత్రువుల ముఖాల సంగతి.

మా చిన్నాయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. కువైట్‌లో మేస్త్రీ పని. 1990 ఆగస్టులో ఇరాక్ నేత సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడే చిక్కుకుపోయాడు. ఆ ఏడాది 1,70,000 మందికి పైగా మనవాళ్లను విమానాల్లో తెచ్చారు కదా, వాళ్లలో ఆయనొకడు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్‌కు చేరి, అక్కడ ఎయిరిండియా విమానమెక్కాడు. రెండేళ్లు ఊళ్లో ఉండి మళ్లీ సౌదీ పోయాడు. నా సెంటర్‌లోని కంప్యూటర్లకు సగం డబ్బు ఆయన పంపిందే. అంటే అరబ్బులిచ్చిన జీతంతో కొన్న కంప్యూటర్ల మీద కూర్చుని మేం అరబ్బుల్ని కాల్చేవాళ్లం. అప్పట్లో ఇది నా బుర్రకు తట్టనే లేదు.

2006లో సెలవు మీద వచ్చినప్పుడు ఓ మధ్యాహ్నం నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కౌంటర్ స్ట్రైక్‌లో డస్ట్ టూ అనే మ్యాప్ (ఆట జరిగే చోటు) ఆడుతున్నాను. ఆ మ్యాప్ తెలియనివాళ్ల కోసం: ఇసుక రంగు గోడలు, కమాను ద్వారాలు, చెక్క పెట్టెలు, ఓ సొరంగం. అంతే. కాసేపు చూసి అడిగాడు.

"ఇది ఏ ఊరురా?"

ఊరు కాదు చిన్నాయనా, మ్యాప్ అన్నాను.

"ఇండ్లున్నయ్ గదరా. గిండ్లల్ల ఉండేటోళ్లు ఏడ వోయిన్రు?"

నేనేమీ అనలేదు, బాంబు పెట్టే హడావిడిలో ఉన్నాను.

"ఓ ముసలమ్మ రొట్టెలు వట్టుకొని అడ్డం రాదా ఎప్పుడన్న?"

"అట్లొస్తే ఇగ గేమ్ ఎట్లాడాలె?"

"అదే అంటున్న" అని లేచి చాయ్ తాగడానికి పోయాడు.

నిజానికి కౌంటర్ స్ట్రైక్ కొంత నయం. ఒక సగం ఆట టెర్రరిస్టులుగా, ఇంకో సగం పోలీసులుగా ఆడేవాళ్లం. చంపినవాడే చచ్చేవాడు, పక్క సీటులోంచే తిట్టేవాడు. వైస్ సిటీ అలా కాదు. 2002లో వచ్చిన ఆ ఆటలో క్యూబా ముఠా వైపు నిలబడి హైతీ ముఠాను ఏరిపారేయాలి. అందులోని మాటలు ముఠా మీద కాక జాతి మీదే అన్నట్టుండేవి. 2003 చివర్లో అమెరికాలోని హైతీ సంతతి వాళ్లు రోడ్డెక్కితే, కంపెనీ క్షమాపణ చెప్పి, తర్వాతి కాపీల్లో ఆ మాటలు తీసేస్తామంది. మా దగ్గరున్నది పైరసీ సీడీ. అందులో మాటలన్నీ అలాగే ఉన్నాయి. హైతీ ఎక్కడుందో మాలో ఒక్కడికీ తెలియదు. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశమది. సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగిన జిల్లా పిల్లలం మేము. ఆ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే హైతీ వాళ్లు మాకు వేరేగా కనపడేవాళ్లేమో.

2007లో నేనూ నలుగురు దోస్తులూ కాజీపేట స్టేషన్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తున్నాం. ఎత్తుగా ఉన్న ఓ నల్లజాతి కుర్రాడు, భుజాన బ్యాగుతో మా వైపే నడిచొస్తున్నాడు. మావాడొకడు "హైతీ గ్యాంగ్ వచ్చెరా" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నేను నవ్వడమే కాదు, నాకు తెలియకుండానే చెయ్యి జేబులో పర్సు మీదికి పోయింది. అతను దగ్గరికొచ్చి "అన్నా, గోల్కొండ పోయిందా?" అన్నాడు. మనకు మల్లే తెలుగు. సూడాన్ నుంచి వచ్చి నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో చదువుతున్నాడట. పోలేదు, అరగంట లేటు అని చెప్పాను. బెంచీ మీద కూర్చుని పేపర్ పొట్లంలో సమోసాలు తింటూ మాకూ ఒకటి చాపాడు. నా చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

అంతకుముందు నాకు తెలిసిన నల్లజాతి వాళ్లంటే వెస్టిండీస్ క్రికెటర్లే, వాళ్లంటే ప్రాణం. మరి ఆ భయం ఎక్కడిది? అంతా ఆట మీదికి నెట్టను. పెళ్లిచూపుల్లో "పిల్ల కొంచెం చామనఛాయ" అని గొంతు తగ్గించే ఇళ్లల్లో పెరిగినవాళ్లం. నలుపంటే చిన్నచూపు అనే నేల మనింట్లో ముందే దున్ని ఉంది, ఆట అందులో విత్తనమేసింది.

మనం ఇంకా తేలిగ్గా అర్థం చేసుకోవాల్సిన విషయమిది. తెలుగు సినిమాల్లో చాలా ఏళ్లపాటు తెలంగాణ యాస ఎవరికి పెట్టారు? రౌడీకి, లేదంటే నవ్వించే పనోడికి. హీరో నోట ఆ మాట పలికేది కాదు. హాల్లో కూర్చుని మనమూ నవ్వాం. బయటికొచ్చాక కోస్తా నుంచి వచ్చిన క్లాస్‌మేట్ మన మాటను వెక్కిరిస్తే మాత్రం మండింది.

ఇంకో చిన్న ముచ్చట. 1991 నాటి కుస్తీల ఆట స్ట్రీట్ ఫైటర్ టూలో మన దేశం తరఫున ధాల్సిమ్ అనే యోధుడు ఉంటాడు. మెడలో పుర్రెలు, సాగే చేతులు, "యోగా ఫైర్" అంటూ నోట్లోంచి మంట, వెనక వరసగా ఏనుగులు. మనోడని మేం ఎగబడి వాణ్ణే తీసుకునేవాళ్లం. కోపమే రాలేదు. ఎందుకొస్తుంది? మన చుట్టూ అందరూ మామూలు భారతీయులే కదా. క్లాసు మొత్తానికి తనొక్కడే భారతీయుడైన పిల్లవాణ్ణి అడిగితే వేరే కథ చెబుతాడు. కాబట్టి "అరబ్బులే పట్టించుకోవట్లేదు, మనకెందుకు" అనే వాదన నేను ఒప్పుకోను.

ఇక నీతి సంగతి. బొమ్మను కాల్చడం పాపమని నేననుకోను. నన్ను కుదిపింది వేరొకటి. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ అనే యుద్ధం ఆటలో 'హైవే ఆఫ్ డెత్' అనే మిషన్ ఉంది. కల్పిత దేశం. పారిపోతున్నవాళ్ల మీద రోడ్డంతా బాంబులేసింది రష్యా వాళ్లని ఓ పాత్ర చెబుతుంది. కానీ అదే పేరున్న అసలు రోడ్డు కువైట్ నుంచి బస్రా పోయేది. 1991 ఫిబ్రవరిలో వెనక్కి మళ్లుతున్న ఇరాక్ బలగాల మీద అక్కడ బాంబులేసింది అమెరికా నాయకత్వంలోని విమానాలు. మా తమ్ముడి కొడుకు లాప్‌టాప్‌లో ఇది ఆడుతుంటే చిన్నాయన పక్కనే ఉన్నాడు. బస్రా రోడ్డు ఆయనకు బాగా తెలుసు. "ఆ తొవ్వల ఒక ఇరాకోడు నా వాచీ గుంజుకున్నడు. ఇంకోడు బస్సు ఆపి ఖుబూస్ ఇచ్చిండు" అన్నాడు. ఖుబూస్ అంటే అరబ్బుల రొట్టె. ఆటలో మాత్రం రోడ్డు కథ ఎవరు రాశారో వాళ్లకు నప్పినట్టు మారిపోయింది. రక్తం కంటే ఇదే పిల్లవాడి బుర్రలో ఎక్కువకాలం నిలుస్తుంది. వాడు దాన్ని చరిత్ర అనుకుంటాడు.

అన్ని ఆటలూ ఇంతేనని కాదు. 2012 నాటి స్పెక్ ఆప్స్ ద లైన్ దుబాయ్‌లో జరుగుతుంది. మీరు తెల్ల భాస్వరం (మనుషుల్ని కాల్చేసే రసాయనం) వేస్తారు, తర్వాత ఆ పొగలోనే కాలిపోయిన పౌరుల మధ్య నడవాలి. చిన్నాయన అడిగిన ముసలమ్మ ఆ ఆటలో ఉంది. పదో తరగతికి మాత్రం వద్దు, అది పెద్దల ఆట.

మీవాడి సంగతికొస్తే, గుంజేసుకుంటే దోస్తు ఫోన్‌లో ఆడతాడు, సెంటర్ నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కాల్ ఆఫ్ డ్యూటీ, జీటీఏ (వైస్ సిటీ ఈ వరసలోదే) పెట్టెల మీద యూరప్‌లో వేసే 18 ఏళ్ల గుర్తును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆడుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాయిస్ చాట్ కచ్చితంగా మూయించండి. కులం, మతం, రంగు మీద అందులో వినపడే బూతులతో పోలిస్తే ఆటలోని మాటలు నయం. వారంలో ఓ రోజు వాడి వెనక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఉపన్యాసం వద్దు. ఇది ఏ ఊరు, ఇక్కడ ఎవరుంటారు అని అడగండి, చాలు. మొదట విసుక్కుంటాడు, నేనూ విసుక్కున్నాను.

మీవాడు ఏ ఆట ఆడుతున్నాడో పేరు రాయలేదు మీరు. కామెంట్‌లో పెడితే, నేను ఆడినదైతే అందులో ఏముందో చెబుతాను.