బాస్ గిటార్‌లో ఫంక్, డిస్కో వాయించడానికి కుడిచేతికి స్పీడ్ ఎలా వస్తుంది?

డిస్కో లైన్ మొదలుపెట్టిన పది నిమిషాలకే కుడిచేయి పట్టేస్తోంది, రోజుకి ఎన్ని గంటలు సాధన చేస్తే వేళ్లు తిరుగుతాయి అని అడిగారు. మీకు కావాల్సింది స్పీడ్ కాదండి. కోనసీమ పెళ్లిళ్లలో, జాతరల్లో పదకొండేళ్లు బాస్ వాయించిన చేత్తో చెప్తున్నాను.

లెక్క చూడండి. డిస్కో నిమిషానికి 120 బీట్ల దగ్గర నడుస్తుంది. ఆక్టేవ్ లైన్‌లో, అంటే ఒకే స్వరాన్ని కింద ఒకసారి, పైన ఒకసారి వాయించే లైన్‌లో, బీటుకి రెండు, సెకనుకి నాలుగు స్వరాలు. కింది స్వరం చూపుడువేలిది, పై స్వరం మధ్యవేలిది. అంటే ఒక్కో వేలికి సెకనుకి రెండే. మా వైపు రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్ల చేతులు ఇంతకంటే జోరుగా ఆడతాయి. ఫంక్‌లో దెబ్బలు పెరుగుతాయి నిజమే, కానీ వాటిలో చాలా మటుకు స్వరాలు కావు, టక్ టక్‌లే. 1960ల్లో అమెరికాలో మోటౌన్ అనే కంపెనీ రికార్డులకి బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితోనే పని కానిచ్చేశాడు. మనకి రెండు సరిపోవా?

నాకిది రావులపాలెం దగ్గర ఒక ఊరి అమ్మవారి జాతరలో తెలిసింది. మే నెల, కాలవగట్టు పక్కన స్టేజీ, ఒళ్లంతా జిగట. డిస్కో మెడ్లీలో మూడో పాటకే ముంజేయి రాయైపోయింది. బాస్ వినపడటం లేదేమోనని ఇంకా గట్టిగా లాగాను. మిక్సర్ అబ్బాయి నన్ను ఇంకా తగ్గించేశాడు. (వీళ్లతో ఎప్పుడూ ఇదే గొడవ. బాస్ అంటే వాళ్లకి బాక్సు అదరడం, అంతే.) కుర్రాళ్లు నిలబడి చూస్తున్నారు తప్ప ఒక్కడూ అడుగెయ్యలేదు.

బ్రేక్‌లో టీకని కిందికి దిగితే, గరగలతో వచ్చిన డప్పులవాళ్లు గడ్డిమంట మీద డప్పులు కాచుకుంటున్నారు. వాళ్లలో ఓ పెద్దాయన నా చెయ్యి చూసి నవ్వాడు.

"అన్నీ పెద్ద దెబ్బలే కొడతన్నారేంటి బాబూ?"

కుడిచేతి చిర్రతో నాలుగు దెబ్బలు కొట్టాడు. బాగానే ఉంది. మళ్లీ అవే నాలుగు కొడుతూ, ఎడమచేతిలో సిటికెన పుల్లని మధ్యమధ్యలో తోలు మీద ఊరికే ఆడించాడు. ఆ పుల్ల చప్పుడు విడిగా వినపడనే లేదు. టీ గ్లాసు పట్టుకున్న నా కాలు మాత్రం కదిలింది.

"చిర్ర అందరికీ వినపడుద్దండి. పుల్ల ఆగిందా, ఎవడూ ఆడడు. ఆయ్."

ఆ రాత్రి రెండో సగం ఇంకా చెడగొట్టాననుకోండి. తెలిసిన వెంటనే చేతికి వచ్చేస్తుందా? వానాకాలమంతా కూర్చుంటే అర్థమైంది, నా రోగం కరెంటు కోతల్లో పుట్టిందని. యాంప్ లేకుండా సాధన చేస్తే స్వరం చెవికి ఆనాలని తీగని పీకుతాం, ఆ పీకుడే అలవాటైపోతుంది. మీరు కూడా అంతే అనుకుంటున్నాను. యాంప్ పెంచండి, వేళ్లు తగ్గించండి.

రెండో సంగతి, మీటిన వేలు గాల్లోకి లేవకూడదు. మధ్యవేలు పై స్వరాన్ని మీటి పక్కనున్న లావు తీగ మీద వాలాలి, అప్పుడు కింది స్వరం తీగకీ పై స్వరం తీగకీ మధ్యనున్న ఆ తీగ నోరు కూడా మూతపడుతుంది. ఇక సిటికెన పుల్ల పనంటే, ఎడమచేతి వేళ్లు తీగని నొక్కకుండా ఊరికే ఆనించి ఉంచి, కుడిచేత్తో మామూలుగానే మీటడం. వచ్చే ఆ మొద్దు చప్పుడే గోస్ట్ నోట్. ముందు 70 బీట్ల దగ్గర మొదలుపెట్టండి. 120కి ఎప్పుడు చేరారో మీకే తెలీదు.

కింద కామెంట్లలో ఎవరో ఒకరు వచ్చి స్లాప్, అంటే బొటనవేలితో తీగని కొట్టడం, నేర్చుకోమంటారు. అమెరికా బాసిస్టు లారీ గ్రాహమ్ దాన్ని పట్టుకున్నది వాళ్లమ్మ బ్యాండ్‌లో డ్రమ్మర్ లేకపోతే, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము (కిక్) చప్పుడు బొటనవేలితో పుట్టించడానికి. మీకు డ్రమ్మర్ ఉన్నాడుగా? తర్వాత చూసుకోవచ్చు.

అన్నట్టు, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవకుండా గిటార్‌ని కవర్లో పెట్టకండి. మా గాలికి, ఈ చెమటకి నెల తిరక్కుండానే తుప్పు పట్టేస్తాయి. సెట్టు రేటు చూశారుగా.