పెల్టియర్ కూలర్ల గురించి రాయబోయే తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కంప్యూటర్ ప్రాసెసర్‌ను చల్లబరచడానికి వాడే పెల్టియర్ పలకను హీట్‌సింక్‌కు, అంటే వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మెకు, అంటించి కరెంటు ఇవ్వగానే దాని చలివైపు మంచు పేరుకున్న తీరును కళ్లకు కట్టినట్టు రాశావు. కాని ఆ మంచు, పలక మీద ప్రాసెసర్ భారం ఏమీ లేనప్పటిది. ప్రాసెసర్ పనిలో పడి వేడిని కక్కడం మొదలుపెట్టాక ఏమయిందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. పాఠకుడు డబ్బు ఖర్చు పెట్టేది దాని కోసమే.

ఈ పలక చలిని పుట్టించదు, వేడిని ఒక వైపు నుంచి రెండో వైపుకు తోడిపోస్తుంది. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటును ఒక దిశలో పంపితే అతుకు చల్లబడుతుందనీ, దిశ మారిస్తే వేడెక్కుతుందనీ 1834లో ఫ్రాన్సులో పెల్టియర్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఇవాళ్టి పలకలో బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకపు ముక్కలను జతలు జతలుగా రెండు పింగాణీ బిళ్లల నడుమ పేరుస్తారు. మన దుకాణాల్లో తరచుగా కనిపించే టీఈసీ1-12706 అన్న పేరులోనే 127 జతలు, 6 ఆంపియర్లు అన్న సంగతి ఉంది. అయితే తోడడానికి అది తీసుకున్న కరెంటు కూడా వేడిగా మారి వేడివైపే చేరుతుంది. నీ వ్యాసం మరిచిపోయింది ఈ ఒక్క సంగతినే.

లెక్క వేసి చూడు. ఒక పలక గరిష్ఠంగా 60 వాట్లు తోడుతుందనీ, రెండు వైపుల మధ్య 66 డిగ్రీల తేడా చూపుతుందనీ అట్టపెట్టె మీద ఉందనుకుందాం. ఆ రెండూ ఒకేసారి జరగవు. 66 డిగ్రీల తేడా ఉన్నప్పుడు అది తోడే వేడి సున్న, 60 వాట్లు తోడేటప్పుడు తేడా సున్న. ప్రాసెసర్ 40 వాట్లు కక్కితే మిగిలే తేడా సుమారు 22 డిగ్రీలు. పూర్తి కరెంటు మీద పలక తినేది రమారమి 90 వాట్లు కనుక హీట్‌సింక్ మీద పడే మొత్తం 130 వాట్లు. వాటుకు 0.2 డిగ్రీ చొప్పున వేడెక్కే మంచి హీట్‌సింక్ అయినా, 30 డిగ్రీల గదిలో వేడివైపు 56కు చేరుతుంది, చలివైపు 34 దగ్గర ఆగుతుంది. పలక తీసేసి అదే హీట్‌సింక్‌ను నేరుగా బిగిస్తే 38 వస్తుంది. నాలుగు డిగ్రీల కోసం 90 వాట్లు! అదే ప్రాసెసర్ 60 వాట్లు కక్కితే పలకతో 60 డిగ్రీలు, పలక లేకుండా 42. అందుకే నీ పరీక్షలో పలక లేని కొలతను కూడా తప్పనిసరిగా పక్కన పెట్టు. అది లేని తీర్పును నేను తీర్పుగా లెక్కించను.

లోపాలు వెతికే భాగంలో నువ్వు థర్మల్ పేస్ట్ (అతుకుల మధ్య వేడి సాఫీగా పారడానికి పూసే ముద్ద) దగ్గర మొదలుపెట్టావు. నేనైతే వేడివైపు నుంచి మొదలుపెడతాను. అటు హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే పలక తన పని తాను చేస్తోంది, వేడిని బయటికి పంపే దారే చాలడం లేదని అర్థం. రెండు వైపులా ఒకే తీరుగా గోరువెచ్చగా ఉంటే, కరెంటు పారుతుండగా సరిగ్గా పలక తీగల మొదట్లోనే వోల్టేజి చూడాలి, ఎందుకంటే సన్నని తీగలూ వదులు కనెక్టర్లూ దారిలోనే కొంత మింగేస్తాయి. వోల్టేజి ఉండి కరెంటు పడిపోతే లోపలి టంకం విరిగి ఉండవచ్చు. పలక నిరోధం సుమారు 2 ఓములు ఉండాలి, కాని మామూలు మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు తొందరపడకు. పలక ఒక వైపు నీ బొటనవేలు ఆనిందా, ఆ వెచ్చదనానికే అది సొంతంగా వోల్టేజి పుట్టిస్తుంది, మీటరులో అంకె నిలవకుండా జారుతుంది. కాసేపు బల్ల మీద వదిలేసి, మీటరు తీగలు అటూ ఇటూ మార్చి రెండుసార్లు కొలిచి సగటు తియ్యి. కరెంటు ఆగిపోయిన పలక ప్రాసెసర్ మీద కప్పిన గొంగళి లాంటిదని కూడా పాఠకుడికి చెప్పాలి.

తేమ విషయంలో నా అనుభవం చెబుతాను. వానాకాలంలో విశాఖలో ఒక రాత్రంతా చిన్న పని మీద పలక బిగించిన కంప్యూటర్‌ను వదిలేశాను. పొద్దున ప్రాసెసర్ ఎత్తి చూస్తే సాకెట్ అంచున సన్నని నీటి బొట్లు వరసగా నిలిచి ఉన్నాయి, మదర్‌బోర్డు మళ్లీ లేవలేదు. 30 డిగ్రీల గదిలో గాలి తేమ 70 శాతం ఉంటే 24 డిగ్రీల దగ్గరే నీరు పడుతుంది. భారం ఎక్కువగా ఉన్నప్పటి కంటే ప్రాసెసర్ ఊరక ఉన్నప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ. 2020లో ఇంటెల్ సంస్థ క్రయో కూలింగ్ అన్న పేరుతో ఇలాంటి పలకతోనే తెచ్చిన ఏర్పాటులో నాకు నచ్చింది కూడా ఇదే. తేమను కొలుస్తూ, చలివైపు నీరు పట్టే హద్దు కంటే కిందికి దిగకుండా కరెంటును అదుపు చేసే పద్ధతి అందులో ఉంది. అంత పెద్ద సంస్థ 2023లో దాన్ని ఆపేసింది కూడా. ఈ రెండు మాటలూ నీ వ్యాసంలో ఉండాలి.

మంచు వర్ణన తీసెయ్యకు, అది బాగుంది. దాని పక్కనే గది ఉష్ణోగ్రత, గాలి తేమ, గోడ ప్లగ్గు దగ్గర కొలిచిన వాట్లు, ప్రాసెసర్ ఊరక ఉన్నప్పటి అంకె, అరగంట పూర్తి భారం మోసిన తరువాతి అంకె చేర్చి, తిరగరాసిన ప్రతిని నాకు పంపు.