స్లైడ్‌షోలో మాటలు మెల్లగా వినిపించడం: సమాధానం

నమస్కారమండి. మీ తల్లిదండ్రుల షష్టిపూర్తి ఫోటోలతో పవర్‌పాయింట్‌లో చేసిన స్లైడ్‌షోను వీడియోగా మార్చాక, నాదస్వరం చక్కగా వినిపిస్తున్నా అమ్మగారి మాటలు మాత్రం వాల్యూమ్‌ను ‘హై’లో పెట్టినా వినబడీ వినబడనట్టు ఉన్నాయని రాశారు. ఆ అమరిక ధ్వనిని తగ్గించగలదే తప్ప, రికార్డయిన స్థాయిని మించి పెంచలేదు. కాబట్టి లోపాన్ని స్లైడ్‌లో కాక ఆడియో ఫైలులోనే సరిచేయాలి.

ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును తెరిచి, ముందు తరంగాల బొమ్మను నిదానంగా చూడండి. తరంగమంతా సన్నగా ఉంటే, ధ్వని మొత్తాన్ని ఒకే మేర పెంచే ఆంప్లిఫై చాలు. 6 డెసిబెల్స్ పెంచితే తరంగం ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. మాటలు సన్నగా ఉండి, మధ్యలో ఏ తలుపు చప్పుడో, దగ్గో ఒక్కటే నిటారుగా లేచి ఉంటే మాత్రం, ఆ శిఖరమే ముందుగా గరిష్ఠ పరిమితి అయిన 0 డెసిబెల్స్‌ను తాకుతుంది గనుక ఆంప్లిఫై వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఇంటి రికార్డింగుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఆ ఒక్క చప్పుడును ఎంచుకుని తగ్గించి, తర్వాత మొత్తం ఫైలును గరిష్ఠ స్థాయి −1 డెసిబెల్ దగ్గర ఉండేలా పెంచండి. అమ్మగారి గొంతు సహజంగానే వినిపించాలి కాబట్టి, పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్ జోలికి మరీ అవసరమైతేనే వెళ్లండి.

సరిచేసిన ఫైలును వేవ్ (WAV) రూపంలో భద్రపరచి, స్లైడ్‌లోని పాత ఆడియోను తొలగించి, దీన్ని కొత్తగా చేర్చండి. పవర్‌పాయింట్ మామూలుగా ఆడియో ప్రతిని తనలోనే దాచుకుంటుంది గనుక, బయటి ఫైలును మార్చినంత మాత్రాన స్లైడ్‌షో మారదు. నాదస్వరాన్ని ‘లో’కు దించి, మళ్లీ వీడియోగా మార్చి, హెడ్‌ఫోన్‌లోనూ ఫోన్ స్పీకర్‌లోనూ విని చూడండి.