మోటార్ గొంతు పిసకకు, పడవకు బకెట్ కట్టు

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూసిన. నాగార్జున సాగర్ ఒడ్డున వైజాగ్ కాలనీ కాడ తీసినట్టున్నవ్, ఎనుక గుట్టలు చూసి గుర్తువట్టిన. పడవ మంచిగనే ఉన్నది, మోటార్ గూడ మంచిగనే కొట్టుకుంటున్నది, గాని నువ్వు పోయే స్పీడు చూస్తే నవ్వొచ్చింది, ఎర నీళ్ల మీద కప్ప లెక్క ఎగురుకుంట వస్తున్నది, గట్లొచ్చేదాన్ని ఏ వాలుగ నోట్ల పెట్టుకుంటదిరా.

ట్రోలింగ్ అంటే పడవ నడుపుకుంట ఎనుక ఎరను గుంజుకపోవుడు, దానికి మనం పొలం గట్టు మీద నడిచినంత స్పీడే, గంటకు 3, 4 కిలోమీటర్లు, అంతే. ఫోన్ల జీపీఎస్ స్పీడు చూపించే యాప్ పెట్టుకో, కండ్లతోని అంచనా వేస్తే నీళ్ల మీద మోసపోతం. నీదేమో 5 హెచ్‌పి, పడవ చూస్తే ఖాళీ రేకు డబ్బా, రేజ్ ఇయ్యకుండ ఐడిల్ల పెట్టినా ఉరుకుతది. ఇంక తగ్గియ్యాలె ఎట్ల మామా అంటున్నవ్.

ముందుగాల చేయొద్దనేది చెప్తా. ఐడిల్ స్క్రూ తిప్పి తిప్పి మోటార్‌ను సగం చంపకు. మాన్యువల్ల రాసిన ఆర్‌పీఎం కాడికి తెచ్చుకో, అంతకు కిందికి పోకు. నేను పోయినోన్నే, అందుకే చెప్తున్న. అప్పట్ల నాది పాత టూ స్ట్రోక్, లీటర్ పెట్రోల్‌కు 20 ఎంఎల్ ఆయిల్ పోసేటోన్ని, స్క్రూ మస్తు తగ్గిచ్చి పొద్దంత గుడగుడమని నడిపిన. మాపటికి ఒడ్డుకు తిరుగుదామని రేజ్ చేస్తే టప్పున ఆగింది, తాడు గుంజి గుంజి చేతులు బొబ్బలు. ప్లగ్ ఇప్పి చూస్తే కాటుక డబ్బిల ముంచినట్టు నల్లగ, తడితడిగ. నెమ్మదిగ నడిస్తే ప్లగ్ వేడెక్కదు, వేడెక్కకపోతే దానిమీద పట్టిన మసి కాలదు, ఆయిల్ అట్లనే కూసుంటది. జేబుల ఇంకో ప్లగ్ ఉన్నది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ రాత్రి గుట్ట కిందనే పండుకుందును. నీది ఫోర్ స్ట్రోక్ కాబట్టి అంత తిప్పలు ఉండదు, అయినా అర్ధగంటకోసారి ఎరలు పైకి తీసి రెండు నిమిషాలు జోరుగ ఉరికియ్యి, ఎనుక సన్నగ చిమ్మే నీళ్ల ధార ఆగలేదు కదా అని చూస్కుంట ఉండు, అది ఆగితే మోటార్‌కు నీళ్లు ఎక్కుతలేవన్నట్టు, బంద్ చెయ్యాలె.

ఇగ అసలు సంగతి, మోటార్‌ను దానికి నచ్చిన స్పీడ్ల తిరగనియ్యి, అడ్డం వేసేది పడవకు వెయ్యి. గుంజుడు బరువైతే అదే నెమ్మదైతది. పెయింట్ బకెట్లు ఉంటయ్ కదా, 4 లీటర్లయి రెండు తీస్కో. వాటి చేతితోని పట్టుకునే కడ్డీని నమ్మకు, నీళ్ల జోరుకు ఊడొస్తది, అంచు కింద కాల్చిన ఇనుప కడ్డీతోని మూడు బొక్కలు పొడిచి తాళ్లు గుచ్చి ఒక్క ముడి చెయ్యి, అడుగున గూడ చిన్న బొక్క పెట్టు. పడవకు కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి కట్టి నీళ్లల్ల ఇడువు, ఒక్కటే కడితే పడవ ఆ దిక్కే తిరుగుకుంట పోతది, సుక్కాని పట్టి పట్టి భుజం గుంజుతది. ఇంకా తగ్గాలంటే పెద్ద బకెట్ పెట్టు, మరీ ఆగినట్టయితే అడుగు బొక్క పెద్దగ చెయ్యి, గట్ల నీ పడవకు సరిపోయింది నువ్వే చూస్కోవాలె.

తాడు పొడుగు మాత్రం కొలిచి కట్టు. పడవ ముందు భాగంల కట్టు, బకెట్ ఎంత సాగినా మోటార్ కింద నీళ్లల్ల తిరిగే ఫ్యాన్‌కు రెండు అడుగులు ఇవతలనే ఆగాలె. నేనొకసారి అంచనాతోని కట్టిన, మలుపు తిప్పంగనే తాడు పోయి ఫ్యాన్‌కు చుట్టుకున్నది, ఫ్యాన్‌ను పట్టి ఉంచే షియర్ పిన్ తెగింది, పడవల ఇంకో పిన్ లేదు, తెడ్డు కొట్టుకుంట ఒడ్డెక్కిన. రెండు పిన్నులు, ఒక కట్టింగ్ ప్లేయర్ సీటు కింద పెట్టుకో. బకెట్ అడుక్కు ఇంకో సన్న తాడు కట్టి పడవల ఉంచుకుంటే అది గుంజంగనే బకెట్ బోర్లపడి అల్కగ లోపలికి వస్తది, చేప పడ్డప్పుడు గదే పనికొస్తది.

రివర్స్‌ల నెమ్మదిగ పోవుడు గూడ ఉంటది, ఎనుక చెక్క బల్లపరుపుగ నీళ్లను తోసుకుంట పోతది కాబట్టి స్పీడే రాదు. నీళ్లు అద్దం లెక్క ఉన్నప్పుడే చెయ్యి, మధ్యాహ్నం గాలి లేసినంక వద్దు, అల ఎనుక నుంచి లోపలికి దుముకుతది. చిన్న 2 హెచ్‌పిలల్ల కొన్నిటికి సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటది, రేజ్ తగ్గిస్తే ఫ్యానే తిరగదు, గసొంటియి ఎవలన్న తెస్తే బకెట్ తప్ప ఇంకో దారి లేదని చెప్పు.

ఫ్యాన్ మార్చుడు అంటివి. పిచ్ తక్కువున్నది పెడితే ఒక్క చుట్టుకు తక్కువ దూరం తోస్తది, ఐడిల్ల స్పీడు జర తగ్గుతది, గాని ఫుల్ రేజ్‌ల మోటార్ మాన్యువల్ల చెప్పినదానికంటే ఎక్కువ తిరిగే ప్రమాదం ఉన్నది. ముందుగాల బకెట్లు చూడు, పైసలు తర్వాత పెట్టు. 12 వోల్టుల ఎలక్ట్రిక్ మోటార్ సప్పుడు చెయ్యదు, బాగుంటది, గాని ఫుల్‌ల నడిపితే 30 ఆంపియర్లు గుంజుతది, ఆ బ్యాటరీ మోస్కుంట రేవుకు దిగుడు నీతోని కాదు.

ఇంకోటి, ఎదురు గాలికి పోతే స్పీడు దానంతట అదే తగ్గుతది, గాలి వెంట పోతే ఎక్కువైతది, అందుకని ఎదురు పోయేటప్పుడే గాలం ఎక్కువసేపు ఉంచు. పాము లెక్క వంకర్లు తిరుగుకుంట పోతే లోపలి దిక్కు గాలం నెమ్మదైతది, బయటిది జోరైతది, చేప దేనికి కొడుతున్నదో నీకే తెలుస్తది. సాగర్ ఫుల్ లెవెల్ 590 అడుగులు, నీళ్లు దిగుడు మొదలైతే నిరుడు పడవ పోయిన కాడ బండలు పైకి తేలుతయ్, మునిగిన మొద్దులు ఫ్యాన్‌కు తగులుతయ్, నీళ్లు చూసి పో. లైఫ్ జాకెట్ వేస్కో, మోటార్ బంద్ చేసే తాడు చేతికి చుట్టుకో, ఒక్కడివే ఉన్నప్పుడు మరీ.

ఆదివారం నేనొస్త. ఇంటి ఎనుక సున్నం బకెట్లు పడి ఉన్నయ్ కదా, పారెయ్యొద్దని అక్కకు చెప్పు.