కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ అవ్వాలంటే పరీక్ష ఒక్కటే కాదు, జోన్ గురించి కూడా ఆలోచించు తమ్ముడూ

డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, ఎయిర్‌పోర్టులో తెల్ల యూనిఫాం వేసుకునే కస్టమ్స్ ఆఫీసర్ అవ్వాలనుంది, ఏం రాయాలి, సొంతూరి దగ్గర పోస్టింగ్ వస్తుందా అని అడిగావు కదా తమ్ముడూ. నేను ఎస్ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి డిగ్రీ వాళ్లు రాసే పరీక్ష) రాసి ఇన్‌స్పెక్టర్‌గా చేరాను, మొదటి పోస్టింగ్ బెంగాల్లో బంగ్లాదేశ్ బోర్డర్ మీద ఉన్న పెట్రాపోల్. మాది పలాస దగ్గర పల్లెటూరు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

పరీక్ష సంగతి తొందరగా చెప్పేస్తా. ఏ డిగ్రీ అయినా చాలు. టైర్ 1, అంటే మొదటి దశ, క్వాలిఫై అయితే సరిపోతుంది, ర్యాంకు అంతా రెండో దశ టైర్ 2 మార్కుల మీదే. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది, తెలుగులో ఉండదు, మనవాళ్లు చాలామంది లెక్కల్లో బాగా చేసి ఇంగ్లీషులో పోగొట్టుకుంటారు కాబట్టి ఇప్పట్నుంచే రోజూ ఇంగ్లీషు చదువు. ఇన్‌స్పెక్టర్లలో మూడు రకాలు: సెంట్రల్ ఎక్సైజ్ (ఇప్పుడు అక్కడ ఎక్కువగా జీఎస్టీ పనే), ప్రివెంటివ్ ఆఫీసర్ (స్మగ్లింగ్ ఆపే పని), ఎగ్జామినర్. మూడింటికీ జీతం లెవెల్ 7, బేసిక్ నెలకి 44,900. నువ్వు చూసిన తెల్ల యూనిఫాం ప్రివెంటివ్ వాళ్లది. ఎగ్జామినర్ అంటే పోర్టులో కంటైనర్ తెరిపించి, బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి చేసేవాళ్లు ఇచ్చే సరుకు వివరాల కాగితం) రాసిందీ లోపలున్న సరుకూ ఒకటేనా అని చూసే పని. ఫిజికల్ గురించి భయపడకు, మా టైంలో మగవాళ్లకి ఎత్తు 157.5 సెం.మీ., 1600 మీటర్లు 15 నిమిషాల్లో నడక, 8 కిలోమీటర్లు 30 నిమిషాల్లో సైకిల్. పోలీసు సెలక్షన్‌లా పరుగు కాదు, నడకే.

అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. సెలెక్ట్ అయ్యాక సీబీఐసీ (కస్టమ్స్, జీఎస్టీ చూసే కేంద్ర బోర్డు) వాళ్లు జోన్, అంటే దేశంలో ఏ ప్రాంతంలో పని చేస్తావో, ఆప్షన్లు అడుగుతారు, ర్యాంకుని బట్టి ఇస్తారు. చాలామంది పోస్టు పేరు మీద నెలల తరబడి కొట్టుకుని జోన్ల లిస్టు మాత్రం ఒక్క పూటలో నింపేస్తారు, నేనూ అంతే, హౌరా వెళ్లే రైళ్లు మా పలాస మీదుగానే పోతాయి కదా అని కోల్‌కతా పైన పెట్టాను. తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చులే అనుకోకు. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కి శాశ్వతంగా మారే పద్ధతిని 2018లో ఆపేశారు, 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్ని కొట్టెయ్యలేదు, భార్యాభర్తలు, దివ్యాంగుల విషయం మాత్రం మళ్లీ పరిశీలించమంది. నువ్వు చేరే టైంకి రూల్ ఎలా ఉందో తప్పకుండా చూసుకో. ఇంటి దగ్గరే ఉండాలి అనుకుంటే సెంట్రల్ ఎక్సైజ్ పెట్టి హైదరాబాద్ జోన్ కోసం ర్యాంకు కొట్టడం మంచిదని నా అభిప్రాయం, అక్కడి ఇన్‌స్పెక్టర్లు రొటేషన్ మీద శంషాబాద్ ఎయిర్‌పోర్టుకీ వెళ్తారు.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే బయట నుంచి చూస్తే పట్టుకోవడమే కనిపిస్తుంది. నేను చేరిన కొత్తలో ఒకరోజు బీఎస్ఎఫ్ వాళ్లు ఒకతన్ని పట్టుకుని మాకు అప్పగించారు, నడుముకి గుడ్డ పట్టీ కట్టి దాన్లో బంగారం బిస్కెట్లు కుట్టేశాడు, ఒక్కోటి పది తులాల బిస్కెట్, అంటే 116 గ్రాముల పైన. నేనేమో పెద్ద కేసు అని సంబరపడిపోతున్నా. పంచనామా రాయమన్నారు. ఇద్దరు సాక్షులు, తూకం వేసే కంసాలి, ఒక్కో బిస్కెట్ మీద గుర్తులు, అన్నీ రాసి నాలుగు పేజీలు తీసుకెళ్లి మా సూపరింటెండెంట్ మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ బంగారం వంక కూడా చూడలేదు, రెండో పేజీ మీద వేలు పెట్టి, "సాక్షులు 4 గంటలకి వచ్చారని రాశావు, తూకం 3:40కి మొదలైందని రాశావు, డిఫెన్స్ లాయర్‌కి ఇదొక్కటి చాలు" అన్నారు. నాలుగు పేజీలూ మళ్లీ రాశాను. బన్‌గావ్ నుంచి సియాల్దా వెళ్లే ఆఖరి లోకల్ కూడా పోయింది ఆ రాత్రి. తర్వాత కస్టమ్స్ చట్టం 108 సెక్షన్ కింద పట్టుబడినతని స్టేట్‌మెంట్, అది బెంగాలీలో చెప్తాడు, నాకు అప్పటికి బెంగాలీ రాదు, తోటి ఆఫీసరు ఒక్కో మాటా చెప్తుంటే చెవులు రిక్కించి విన్నాను. ఆ మర్నాడే బెంగాలీ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎక్కడ పోస్టింగ్ పడితే అక్కడి భాష ఆరు నెలల్లో నేర్చుకో, లేకపోతే ప్రతిదానికీ పక్కవాడి మీద ఆధారపడాలి.

ఇలాంటి కేసులు రోజూ రావు, ఎక్కువ రోజులు లారీల సీల్ నంబర్లు చూడ్డం, కాగితాలు సరిచూడ్డం, ప్యాసింజర్ల సంచులు చూడ్డమే. కానీ ఆ సంచుల దగ్గరే నాకు ఈ ఉద్యోగం మీద ఇష్టం పెరిగింది. మన దగ్గర వైద్యం కోసం బంగ్లాదేశ్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఈ బోర్డర్ మీదుగానే వెళ్తారు. ఒకసారి తిరిగి వెళ్తున్న ఒక పెద్దాయన సంచిలో స్కానింగ్ ఫైలు, పైన మందుల కవరు మీద తెలుగు అక్షరాలు కనిపించాయి, నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హైదరాబాద్‌లో కూతురికి ఆపరేషన్ చేయించి తీసుకెళ్తున్నాడట. వచ్చీరాని బెంగాలీలో అది మా భాష అని చెప్తే, ఆయన నా చేయి పట్టుకుని, అక్కడ నర్సమ్మ నేర్పిందని "బాగున్నారా" అన్నాడు. సంచి చూడ్డం మాత్రం ఆపలేదు, చూసి, మళ్లీ నేనే సర్ది ఇచ్చాను.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఇంగ్లీషు మొదలుపెట్టు, హిందీ కనీసం మాట్లాడేంత నేర్చుకో, సైకిల్ తొక్కడం అలవాటు తప్పితే మళ్లీ మొదలుపెట్టు. జోన్ల లిస్టు మీద అమ్మానాన్నలతో ఒకసారి కూర్చుని మాట్లాడు. ఇంటి పరిస్థితి ఏంటో, ఎంత దూరం వెళ్లగలవో ఇక్కడ రాస్తే, ఏ జోన్‌లో ఏ పని ఎక్కువో నాకు తెలిసినంతవరకు చెప్తాను.