ఓడుతున్న జట్టు ఆటకే ముందు వెళ్లండి: ఎన్‌బీఏపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్న తల్లిదండ్రులవి. మిగతావి తెల్లారుజామునే లేచి ఆట చూసే కుర్రాళ్లవి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డల్లాస్‌లో ఉంటారండి. సంక్రాంతి అయ్యాక మేం వెళ్తున్నాం. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు, నాకేమో ఆట తెలీదు. టికెట్లు ఎప్పుడు కొనాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం పట్టుకెళ్లాలి? – ఒక పాఠకురాలు, భీమవరం

ముందు తేదీ చూసుకోండి, సీటు సంగతి తర్వాత. ఒక్కో జట్టు సీజన్‌లో 82 ఆటలు ఆడుతుంది, అందులో సగం సొంత ఊళ్లోనే. మధ్యలో ఫిబ్రవరిలో ఆల్‌స్టార్ సెలవులు తీసేస్తే, ఏప్రిల్ రెండో వారం దాకా నెలకి ఆరేడు ఆటలైనా డల్లాస్‌లో ఉంటాయి. శుక్ర, శనివారాల్లోనూ, లేకర్స్, వారియర్స్ లాంటి పేరున్న జట్లు వచ్చిన రోజునా రేటు మండిపోతుంది. సోమ, మంగళ, బుధవారాల్లో పట్టికలో అడుగునున్న జట్టు వస్తే అదే సీటు చాలా తక్కువకి దొరుకుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ రెండో రకం ఆటే మేలని మా గట్టి అభిప్రాయం. ఆట స్థాయి తగ్గిపోతుందని బెంగ పెట్టుకోకండి. 30 జట్లూ కలిపి ఆడేది సుమారు 450 మంది. చివరి జట్టులో బెంచీ మీద కూర్చున్న కుర్రాడైనా ప్రపంచంలోకెల్లా గట్టివాళ్లలో ఒకడే.

రేటు చూసేటప్పుడు ఫీజులన్నీ కలిపాక వచ్చే ఆఖరి మొత్తం చూడమనండి. కొన్నవాళ్లు తిరిగి అమ్మే టికెట్ల రేట్లు ఆట రోజు మధ్యాహ్నం నుంచి తరచుగా దిగుతాయి, ఎందుకంటే ఆట మొదలయ్యాక వాటికి విలువ ఉండదు. కానీ నలుగురూ పక్కపక్కన కూర్చోవాలంటే అంతదాకా ఆగొద్దు. ఆఖర్న మిగిలేవి ఒంటి సీట్లు, జంట సీట్లే.

మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి సీటు విషయం కాస్త వివరంగా చెబుతాం. పై అంతస్తులో మెట్లు నిటారుగా ఉంటాయి, అది వద్దు. చాలామంది చేసే పొరపాటు, కింది అంతస్తులో ఎంత ముందు వరస అయితే అంత సుఖం అనుకోవడం. చాలా అరీనాల్లో కింది అంతస్తులోకి పైనుంచే ప్రవేశం. ముందు వరసకి వెళ్లాలంటే ఇరవై పైచిలుకు మెట్లు దిగాలి, బాత్రూమ్‌కి వెళ్లాలంటే అవన్నీ మళ్లీ ఎక్కాలి. కాబట్టి కింది అంతస్తులోనే పై వరసల్లో, నడవ పక్క సీటు తీసుకోండి. మెట్లే లేని సీట్లు కూడా విడిగా ఉంటాయి, టికెట్ కొనేటప్పుడు అడిగితే ఇస్తారు. ఆట అర్థం కావాలంటే కోర్టు పొడవు వైపు కూర్చోవాలి, అది కుదరకపోతే మూల. బుట్ట వెనక కూర్చుంటే అవతలి కొసలో ఏం జరుగుతోందో తెలీదు.

టికెట్ ఫోన్లోనే ఉంటుంది. బార్‌కోడ్ మారుతూ ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి పంపితే గేటు దగ్గర పనిచేయదు. మీ టికెట్ మీ ఫోన్‌కే బదిలీ చేయించుకుని, ఇంట్లో ఉండగానే తెరిచి పెట్టుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్ నెమ్మదిస్తుంది. పెద్ద హ్యాండ్‌బ్యాగు రానివ్వరు. ఏ సైజు వరకు రానిస్తారో ఆ అరీనా వెబ్‌సైట్లో కొలతలతో ఉంటుంది. పులిహోర డబ్బా, నీళ్ల సీసా కారులో వదిలెయ్యాల్సిందే. మందులుంటే గేటు దగ్గర చెబితే చూసి పంపుతారు. శాకాహారులైతే పాప్‌కార్న్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా దొరుకుతాయి. నాచోస్ మీద పోసే చిల్లీలో బీఫ్ ఉండొచ్చు, అడిగి తీసుకోండి. చాలాచోట్ల నోట్లు తీసుకోరు, కార్డు ఉండాలి. లోపల చలిగా ఉంటుంది, స్వెటర్ మరవొద్దు. చప్పుడు ఎక్కువ కాబట్టి చెవుల్లోకి దూది కూడా.

డల్లాస్ జట్టు ఆడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ పక్కనే విక్టరీ రైలు స్టేషన్ ఉంది, పార్కింగ్ ఖర్చు తప్పించుకోవచ్చు. గంట ముందే లోపలికి వెళ్తే ఆటగాళ్లు వార్మప్‌లో బంతులు వేస్తుండగా చూడొచ్చు. నాలుగు క్వార్టర్లుగా సాగే 48 నిమిషాల ఆట విరామాలతో రెండుంపావు గంటలు పడుతుంది. సగం ఆటప్పుడు 15 నిమిషాల విరామం ఉంటుంది. బాత్రూమ్‌కి ఆ విరామానికి రెండు నిమిషాల ముందే లేవండి, లేకపోతే వరసలోనే మూడో క్వార్టర్ మొదలైపోతుంది.

ప్రశ్న: 73 ఆటలు గెలిచిన జట్టు నాలుగేళ్లకే 15 గెలవడం ఏమిటి? మళ్లీ రెండేళ్లకి కప్పు కొట్టడం ఏమిటి? – డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

మీరు అడిగింది గోల్డెన్ స్టేట్ వారియర్స్ గురించి. 2015-16లో 73-9 (గెలుపులు-ఓటములు), ఆ రికార్డు ఇప్పటికీ చెక్కు చెదరలేదు, అయినా ఏడు ఆటల దాకా సాగే ఫైనల్లో 3-1తో ముందుండి క్లీవ్‌లాండ్‌కి ఓడిపోయారు. 2019-20లో 15-50. ఆ పతనానికి కారణం గాయాలు. 2019 ఫైనల్స్‌లో జట్టు పెద్ద ఆటగాళ్లలో డ్యూరంట్‌కి మడమ నరం తెగింది, క్లే థాంప్సన్‌కి మోకాలి లిగమెంట్ తెగింది. డ్యూరంట్ బ్రూక్లిన్ వెళ్లిపోయాడు. కొత్త సీజన్ నాలుగో ఆటలోనే మరో పెద్ద ఆటగాడు కరీ చెయ్యి విరిగింది. కోర్టులో ఉండేది ఐదుగురే, అందులో పెద్ద ఆటగాడు 48 నిమిషాల్లో 35 దాకా ఆడతాడు. అలాంటివాళ్లు ముగ్గురు లేకపోతే మిగిలేది పేరొక్కటే. కరీ, థాంప్సన్ కోలుకున్నారు, మధ్యలో ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) విగ్గిన్స్ వచ్చాడు, 2022లో బోస్టన్‌ని 4-2తో కొట్టారు.

అందుకే పడిపోయిన జట్టుని చూడగానే గాయాల వల్ల పడిందా, డబ్బు వల్లా, కావాలనే పడిందా అని విడదీసి చూడాలి. డబ్బుకి ఉదాహరణ బోస్టన్. 2024లో కప్పు గెలిచారు. 2025లో జట్టు పెద్ద ఆటగాడు టేటమ్‌కి మడమ నరం తెగింది. పైగా జీతాల మొత్తం 'రెండో ఏప్రన్' అనే గీత దాటింది. 2025-26లో జీతాల పరిమితి 15 కోట్ల 46 లక్షల డాలర్లు, రెండో ఏప్రన్ 20 కోట్ల 78 లక్షలు. ఆ గీత దాటిన జట్టు భారీ పన్ను కట్టడమే కాదు, ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక ఖరీదైన ఆటగాణ్ణి తెచ్చుకోనూ లేదు. అందుకే కప్పు తెచ్చిన హాలిడేనీ పోర్జింగిస్‌నీ వేసవిలోనే వదులుకున్నారు.

కావాలని కిందికి దిగడానికి మంచి ఉదాహరణ ఓక్లహోమా సిటీ. 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి షై గిల్జస్-అలెగ్జాండర్‌ని, దానితోపాటు ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదు మొదటి రౌండ్ ఎంపిక హక్కుల్ని తీసుకున్నారు. 2020-21లో 22-50, ఆపైన 24-58. 2021 డిసెంబర్ 2న మెంఫిస్ చేతిలో 152-79తో ఓడారు. 73 పాయింట్ల తేడా, ఎన్‌బీఏ చరిత్రలోనే పెద్దది. ఆ క్లిప్పర్స్ హక్కుల్లో ఒకటి 2022లో 12వ ఎంపికగా జేలెన్ విలియమ్స్ అయింది, తమ సొంత హక్కుతో రెండో ఎంపికగా చెట్ హోమ్‌గ్రెన్ వచ్చాడు. 40, 57, 68 గెలుపులు, 2025 జూన్‌లో ఏడో ఆటలో ఇండియానా మీద కప్పు. 22-50 రోజుల్లో చవక సీట్లలో కూర్చుని షై ఆట చూసినవాళ్లు అదృష్టవంతులు.

ప్రశ్న: చివర్న ఉన్న జట్టుకి మంచి కుర్రాణ్ణి ఇస్తారట కదా, మరి అందరూ కావాలనే ఓడొచ్చుగా? – కాకినాడ

కాలవ శివారు చేలకి ముందు వంతు ఇచ్చినట్టు, డ్రాఫ్ట్‌లో బలహీన జట్లకి ముందు అవకాశం ఇవ్వడమే ఉద్దేశం. దాన్ని కొందరు వాడుకుంటున్నారనే 2019లో, ఎంపిక వరస తేల్చే లాటరీ లెక్క మార్చారు. ఆ 2019 లెక్కలో ప్లేఆఫ్స్‌కి (సీజన్ తర్వాత కప్పు కోసం జరిగే పోటీలకి) చేరని 14 జట్లు ఉంటాయి. 14 బంతుల్లోంచి నాలుగు తీస్తే 1001 కలయికలు వస్తాయి. ఒకటి పక్కన పెట్టి 1000 పంచుతారు. ఆ మార్పుతో అడుగునున్న మూడు జట్లకీ సమానంగా 140 చొప్పున, అంటే 14 శాతం. అంతకుముందు ఆఖరి జట్టుకి 25 శాతం ఉండేది. లాటరీ తీసేది మొదటి నాలుగు స్థానాలకే కాబట్టి ఆఖరి జట్టు ఐదో ఎంపిక దాకా జారొచ్చు, ఆ అవకాశం 47.9 శాతం.

డెట్రాయిట్‌ని చూడండి. 17-65తో, మరుసటి ఏడాది 14-68తో వరసగా రెండేళ్లు అందరికంటే అడుగున ఉంది. రెండుసార్లూ ఐదో ఎంపికే దక్కింది. 2025లో డల్లాస్ 1.8 శాతం అవకాశంతో మొదటి ఎంపిక పట్టుకుపోయి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది. ఓడటం ఇప్పుడు నమ్మదగ్గ బేరం కాదు.

డెట్రాయిట్‌ని పైకి లేపింది కూడా లాటరీ కాదు. 2023-24లో వరసగా 28 ఆటలు ఓడిన జట్టు, తర్వాతి ఏడాది 44-38తో ప్లేఆఫ్స్‌కి వచ్చింది. కోచ్‌ని మార్చి బికర్‌స్టాఫ్‌ని తెచ్చారు. అంతకంటే ముఖ్యం, దూరం నుంచి వేసేవాళ్లని తెచ్చారు: టోబియాస్ హారిస్, హార్డవే, బీస్లీ. బీస్లీ ఒక్కడే ఆ సీజన్‌లో 319 త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలి నుంచి వేసి మూడేసి పాయింట్లు తెచ్చే బంతులు) వేశాడు. అంతకుముందు జట్టు పెద్ద ఆటగాడు కేడ్ కన్నింగ్‌హామ్ బుట్ట వైపు దూసుకెళ్తే ఎదుటివాళ్లు ముగ్గురు మూగేవారు. పక్కన గురి తప్పనివాళ్లు నిలబడ్డాక అలా మూగడానికి జంకారు, దారి తెరుచుకుంది.

ప్రశ్న: మా పిల్లలు ఎవరెన్ని పాయింట్లు వేశారో చూసి ఊరుకుంటారు. స్కోరుకార్డులో అసలు చూడాల్సింది ఏమిటి? – పీఈటీ, రావులపాలెం

మొదట చూడాల్సింది బంతి వేసిన తీరు. మామూలు శాతం మోసం చేస్తుంది. ఒక జట్టు 90 సార్లు వేసి 43 పడగొట్టింది, అందులో త్రీలు 4. రెండో జట్టు అదే 90కి 40 పడగొట్టింది, త్రీలు 14. మామూలు లెక్కలో మొదటిది మెరుగు. కానీ పాయింట్లు మొదటిదానికి 90, రెండోదానికి 94. అందుకని పడిన బంతులకి త్రీలలో సగం కలిపి, వేసినవాటితో భాగించండి. మొదటిది 45/90, అంటే 50 శాతం. రెండోది 47/90, అంటే 52.2. ఎన్‌బీఏ సగటు ఈమధ్య 54 దగ్గర ఉంటోంది. తర్వాత బంతి పోగొట్టుకున్నవి, ఎదుటి బుట్ట దగ్గర పట్టిన రీబౌండ్లు (పడకుండా తిరిగొచ్చిన బంతులు), ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ల ఫౌల్‌కి అడ్డు లేకుండా వేసే బంతులు). ఈ నాలుగింటిలో మూడు మెరుగ్గా ఉన్న జట్టు ఓడటం అరుదు.

20 పాయింట్ల ఆధిక్యం కరిగిపోతే పిల్లలు ఆశ్చర్యపోతారు కదా. ఎన్‌బీఏలో ఒక్కో జట్టుకి 48 నిమిషాల్లో సుమారు వందసార్లు బంతి చేతికొస్తుంది. అంటే ఆఖరి క్వార్టర్‌లో ఇంకా 25 సార్లు. ఒకళ్లు మూడేసి, ఇంకొకళ్లు సున్నా అయితే ఏడు మార్లకే 20 పోతుంది. నాలుగో క్వార్టర్ మొదట్లో బెంచీ ఆటగాళ్లు ఉండే మూడు నాలుగు నిమిషాల్లోనే ఇది తరచూ జరుగుతుంది. ఇంకోటి, ఫౌళ్ల లెక్క. క్వార్టర్‌లో జట్టు మొత్తం మీద ఐదో ఫౌల్ నుంచి ప్రతిదానికీ ఎదుటివాళ్లకి ఫ్రీ త్రోలు. నాలుగో నిమిషానికే ఐదు చేసేసిన జట్టు ఆపైన మీద పడి ఆపలేదు. 2025 ఫైనల్స్ మొదటి ఆటలో ఇండియానా ఆఖరి క్వార్టర్‌లో 15 వెనకబడి, 0.3 సెకన్లు ఉండగా హాలిబర్టన్ వేసిన బంతితో 111-110 గెలిచింది. ఆ ఆట మొత్తంలో వాళ్లు ముందున్నది అప్పుడొక్కసారే. మీ పిల్లలు ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతి కాబట్టి పదేసి నిమిషాల క్వార్టర్లు, ఐదు ఫౌళ్లకే ఆటగాడు బయటికి, త్రీ గీత 6.75 మీటర్లు. ఎన్‌బీఏలో ఆరు ఫౌళ్లు, 7.24 మీటర్లు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుందండి. శాన్ ఆంటోనియో జట్టు ఆటగాడు వెంబన్యామా వస్తాడని టికెట్లు కొనాలనుకుంటోంది. ఆ రోజు అతను ఆడకపోతే డబ్బు వెనక్కిస్తారా? – నరసాపురం

ఇవ్వరు. టికెట్ ఆటకే, ఆటగాడికి కాదు. గండం ఎక్కువ ఉండేది వరసగా రెండు రాత్రులు ఆడే జట్టుకి రెండో రాత్రి. షెడ్యూల్లో ముందు రోజు వేరే ఊళ్లో ఆట ఉందేమో చూసి, ఉంటే ఆ తేదీ వదిలెయ్యమనండి. ఎవరు ఆడరో జట్లు ముందు రోజు సాయంత్రం 5 లోపు ప్రకటించాలి, వరస రాత్రుల్లో రెండోదానికైతే ఆ రోజు మధ్యాహ్నం 1 లోపు. 2023 నుంచి పెద్ద ఆటగాళ్లకి ఊరికే విశ్రాంతి ఇవ్వకుండా కట్టడి ఉంది. పెద్ద బహుమతులకి పోటీ పడాలంటే 65 ఆటలు ఆడాలన్న నియమం కూడా వచ్చింది. గాయాలకి మాత్రం ఏ నియమమూ అడ్డు రాదు. ఎడిసన్ వైపు ఉంటే న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగితే చాలు, నిక్స్ ఆడే మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ సరిగ్గా దాని పైనే ఉంది.

ప్రశ్న: ఏళ్ల తరబడి ఓడే జట్టుని పట్టుకుని వేలాడేవాళ్లకి ఏం దక్కుతుంది? – అమలాపురం

శాక్రమెంటో కింగ్స్ అభిమానులు 2006 తర్వాత ప్లేఆఫ్స్ ఆట చూడటానికి 2023 దాకా ఆగారు. 16 సీజన్లు, ఎన్‌బీఏలో అదే పెద్ద ఎడబాటు. యజమాని వివేక్ రణదివే ముంబైలో పుట్టినవాడు. 2019 అక్టోబర్‌లో మన దేశంలో తొలి ఎన్‌బీఏ ఆటలు ఇండియానాతో ముంబైలో ఆడింది ఈ జట్టే. 2022-23లో 48-34, పశ్చిమ విభాగంలో మూడో స్థానం. గెలిచిన ప్రతి రాత్రీ అరీనా పైనుంచి ఆకాశంలోకి ఊదారంగు లేజర్ కిరణం వెలిగించారు, ఊరంతా వీధుల్లోంచి చూసింది. తొలి రౌండ్‌లో ఏడో ఆటకి వెళ్లి, కరీ 50 పాయింట్లు వేస్తే ఓడారు. మరుసటి ఏడాది 46 గెలిచినా మళ్లీ ప్లేఆఫ్స్ అందలేదు. ఓడినన్నాళ్లూ వచ్చి కూర్చున్నవాళ్లే ఆ కిరణం వెలిగినప్పుడు ఏడ్చారు. అది ప్రేమే, దానికి లెక్క అడగడం మాకు న్యాయంగా అనిపించదు.

ప్రశ్న: మనకి ఏ టైముకి వస్తాయి? – తణుకు

న్యూయార్క్‌లో రాత్రి 7 గంటల ఆట శీతాకాలంలో మనకి తెల్లవారుజామున 5:30కి, పశ్చిమ తీరంలో 7:30 ఆట మనకి ఉదయం 9కి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి అక్కణ్నుంచి 4:30, 8:30. జూన్ ఫైనల్స్ సాధారణంగా మన ఉదయం 6 గంటలకి. కాలేజీ ఉన్న రోజు పశ్చిమ తీరం ఆటలు కుదరవు, తూర్పువే చూసుకోండి.