క్యాంపర్ పక్కకు జరుగుతోందా? ముందుగా ట్రక్ బెడ్ అంచు హుక్‌ల వాడకం మానేయండి

పికప్ ట్రక్ బెడ్‌లో (వెనక సామాను వేసే తొట్టిలో) పెట్టిన క్యాంపర్, అంటే ఉండటానికి వీలైన గదిలాంటి పెట్టె, మలుపుల్లో ఒక పక్కకు జరుగుతోందని, బెడ్ గోడకున్న హుక్‌లు వంగాయని రాశారు. నాకైతే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ హుక్‌లు చిన్నాచితకా సామాను కట్టడానికే. వాటి వెనక ఉన్నది పల్చటి రేకు. టన్ను బరువు ఊగుతుంటే అది చిరిగిపోతుంది కూడా.

ట్రక్ ఛాసిస్‌కు (అడుగు ఇనుప చట్రానికి) బోల్టులతో బిగించే టై-డౌన్‌లు, అంటే క్యాంపర్‌ను కట్టే కొక్కేలు, నాలుగు మూలలా పెట్టించండి. ముందువి కిందికీ ముందుకూ, వెనకవి కిందికీ వెనక్కీ లాగేలా ఏటవాలుగా ఉండాలి. నిలువుగా కడితే బ్రేక్ వేసినప్పుడు జరగకుండా ఆపలేవు. పిడి తిప్పి బిగించే మామూలు రాచెట్ బెల్టులు సాగుతాయి, వాటిని నమ్మొద్దు. స్ప్రింగ్ ఉన్న టర్న్‌బకిల్ (తిప్పితే బిగిసే మరల కడ్డీ) వాడండి. బెడ్ కాస్త మెలి తిరిగినా అది సర్దుకుంటుంది. అలాగని బలంకొద్దీ బిగించకండి, క్యాంపర్ చెక్క ఫ్రేమ్‌లోంచి కొక్కేలే ఊడొస్తాయి (నేను ఒకసారి ఆ తప్పు చేశాను!).

కింద మందపాటి రబ్బరు మ్యాట్ తప్పనిసరి. జారుడు దానితోనే చాలా తగ్గుతుంది. బెడ్ ముందు గోడకూ క్యాంపర్‌కూ మధ్య ఖాళీ ఉంటే చెక్క దిమ్మ పెట్టండి.

ఇంకో మాట. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌పై పేలోడ్ (ట్రక్ మోయగల బరువు) ఎంతో చూశారా? క్యాంపర్, నీళ్లు, గ్యాస్, మనుషులు అన్నీ అందులోకే వస్తాయి. క్యాంపర్ బరువు కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందే పడాలి.

బిగించాక ఓ 30 కిలోమీటర్లు నడిపి, ఆగి మళ్లీ చూడండి. మొదటిసారి ఎంతో కొంత వదులవుతాయి.